పాఠకుల ప్రశ్నలు: ఇటలీలో సందు చివరి హోటల్లో ఏం తినాలి, ఏం అడగాలి?

మాది తెనాలి. పెళ్లయ్యాక ఇటలీలోని బొలోన్యాకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మా వీధిలో ఒక త్రాత్తోరియా ఉంది. ఒక కుటుంబం నడుపుకునే చిన్న భోజన హోటల్‌ని ఇక్కడ అలా అంటారు. అందులో ఉదయం పూట పాస్తా పిండి కలిపి, పొడవాటి కర్రతో పలచగా ఒత్తే పని నాది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాంటి హోటళ్లలో భోజనం గురించే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి బొలోన్యా యూనివర్సిటీలో చదువుతున్నాడు. మే నెలలో నేనూ మావారూ వాడి దగ్గరికి వెళ్తున్నాం. మేం గుడ్డు కూడా ముట్టం. వాళ్ల సందులో ఉన్న ఇటాలియన్ హోటల్‌కి తీసుకెళ్తానని వాడి సరదా. "వెజిటేరియన్ అని చెప్తే చాలమ్మా, వాళ్లే చూసుకుంటారు" అంటున్నాడు. నిజంగా చాలా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: చాలదమ్మా. ఇక్కడ వెజిటేరియన్ అంటే మాంసం, చేప తినరని అర్థం చేసుకుంటారు. గుడ్డు, పాలు, చీజ్ తింటారనే అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. అడిగేటప్పుడు మనమే ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి.

ముందు గుడ్డు సంగతి. బొలోన్యా ఉన్న ఎమీలియా ప్రాంతంలో చేత్తో చేసే తాజా పాస్తా దాదాపు అంతా గుడ్డుతోనే. నేను కలిపే పిండిలో నీళ్ల చుక్క పడదు. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, అంతే. టాల్యాతెల్లె, తొర్తెల్లిని, లజాన్యా, ఏ పేరైనా ఇదే పిండి. అదే ప్యాకెట్లో వచ్చే ఎండు పాస్తా అయితే దురుం గోధుమ రవ్వ, నీళ్లు మాత్రమే. గుడ్డు కలిపితే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాల్సిందే. కాబట్టి హోటల్లో మీరు అడగాల్సింది ఎండు పాస్తా. స్పగెట్టీ, పెన్నె, రిగతోని సాధారణంగా ఎండు పాస్తానే వాడతారు. చేత్తో చేసిన పాస్తా గొప్పదని వడ్డించేవాళ్లు ప్రేమగా చెప్తారు. నిజంగానే గొప్పది, కానీ మీకు పనికిరాదు.

రెండోది పంది కొవ్వు. దీన్ని స్ట్రుట్టో అంటారు. ఇక్కడ క్రెషెంతీనె అని పొంగిన, బంగారు రంగు పిండివంట ఒకటి బుట్టలో తెచ్చిపెడతారు. చూడగానే చెయ్యి ముందుకు వెళ్తుంది. సంప్రదాయంగా దాన్ని వేయించేది పంది కొవ్వులోనే. ఉల్లిపాయలు, టమాటాలు గంటల తరబడి మగ్గబెట్టి చేసే ఫ్రిజ్జోనె అనే కూర కూడా అంతే. పేరులో మాంసం లేదు, కంటికి మాంసం కనపడదు, అయినా పాత పద్ధతిలో పంది కొవ్వుతోనే వండుతారు. ఈ మధ్య నూనెతో చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడగండి. కూరగాయల సూప్, రిసోత్తో అనే బియ్యం వంటకం కనిపిస్తే అందులో పోసింది మాంసం ఉడికించిన నీళ్లా, కూరగాయలు ఉడికించిన నీళ్లా అని అడగండి. శనగలు, చిక్కుడు గింజల వంటకాల్లో ఉల్లిపాయతో పాటు పంది ముక్కలు వేయించే అలవాటుంది. ఆకుకూరల్లో, కొన్ని సాస్‌లలో ఆంచొవీ అనే చిన్న చేప కరిగిపోయి ఉంటుంది. ముక్క కనపడదు, రుచి మాత్రం ఉంటుంది.

యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ప్రతి హోటల్ 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వాలి. ఆ పట్టికలో గుడ్డు, పాలు, చేప ఉంటాయి. పంది కొవ్వు అలర్జీ పదార్థం కాదు కాబట్టి ఉండదు. మీ అబ్బాయి ఆ పట్టిక ఒక్కటి చూసి ధైర్యపడకూడదు.

చీజ్ విషయం కూడా చెప్పాలి. పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. గ్రానా పదానోలో ఎక్కువగా అదే. పెకొరీనో రొమానోలో గొర్రెపిల్లది. మన దేశంలో తయారయ్యే చీజ్‌లో ఎక్కువగా వాడేది జంతువులకు సంబంధం లేనిది కాబట్టి ఈ ప్రశ్న మనకు ఇంట్లో ఎప్పుడూ ఎదురుకాదు. తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలిసి తీసుకున్న నిర్ణయం అయితే మనసులో తర్వాత బాధ ఉండదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంతా చదివి ఇంట్లోనే పెరుగన్నం తినేద్దాం అనుకోకండి. మీకు నిండు భోజనమే దొరుకుతుంది. మొదటి వంటకంగా స్పగెట్టీ వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చితో అడగండి. దాని పేరు ఆల్యో, ఒల్యో ఎ పెపెరొంచీనో. లేదంటే పెన్నె అర్రబ్యాతా, అంటే టమాటా, వెల్లుల్లి, మిర్చి సాస్. దీని మీద చీజ్ వద్దని చెప్పవచ్చు. తర్వాత కొంతోర్నో అనే పక్క వంటకాల్లో నుంచి రెండు మూడు తీసుకోండి. కాల్చిన వంకాయ, కాప్సికం, ఓవెన్‌లో రోజ్‌మేరీ వేసి కాల్చిన బంగాళాదుంపలు, నూనెలో మగ్గిన ఆకుకూర. ఈ పక్క వంటకాలే నాకు ఇక్కడి వంటలో అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే సీజన్‌లో మార్కెట్‌కి వచ్చిన కూరగాయనే వండుతారు. మీరు వచ్చే మే నెలలో ఆస్పరాగస్, పచ్చి బఠాణీ ఉంటాయి. పిజ్జా హోటల్ అయితే మరీనారా అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజ్ ఉండదు. తీపిలో తిరమిసూలో గుడ్డు, పన్నాకొత్తాలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటాయి. కోసిన పండ్ల కప్పు అన్నిటికన్నా నిశ్చింత.

చిన్న వంటగదుల్లో పాస్తా ఉడికించే గంగాళం ఒకటే ఉంటుంది. గుడ్డు పాస్తా, మామూలు పాస్తా అదే నీళ్లలో పడతాయి. మీకు పట్టింపు ఉంటే మధ్యాహ్నం పన్నెండున్నరకి, తలుపు తీయగానే వెళ్లండి. అప్పుడు నీళ్లు కొత్తవి. ముందురోజే మీ అబ్బాయి స్వయంగా వెళ్లి ఈ మాట చెప్పిరావాలి: "నియెంతె కార్నె, నియెంతె పెషె, నియెంతె ఉవోవా, నియెంతె స్ట్రుట్టో." మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు వద్దని. ముందుగా చెప్తే వండేవాళ్లు విసుక్కోరు. మా వంటగదిలో అయితే అలాంటి టేబుల్‌కి ఏం చేయాలా అని ముందురాత్రే మాట్లాడుకుంటారు.

ప్రశ్న: బొలోన్యాలో చదువుతున్నాను. స్నేహితులతో వెళ్లి స్పగెట్టీ బొలొనీజ్ అడిగితే హోటల్ పెద్దావిడ తల అడ్డంగా ఊపి, అది మా దగ్గర లేదన్నారు. ఆ ఊరి పేరుతోనే ఉన్న వంటకం ఆ ఊళ్లో లేకపోవడం ఏమిటి? – ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: లేదు బాబూ, ఆవిడ నిజమే చెప్పింది. ఈ ఊళ్లో మాంసం సాస్‌ని రగూ అంటారు. అది పడేది టాల్యాతెల్లె అనే రిబ్బన్ లాంటి పాస్తా మీద, స్పగెట్టీ మీద కాదు. ఇది పట్టుదల అనుకోకు, దీనికి వంట కారణం ఉంది. ఫ్యాక్టరీ స్పగెట్టీ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మాంసం ముక్కలు జారి ప్లేటు అడుగుకి చేరతాయి. చెక్క బల్ల మీద, చెక్క కర్రతో ఒత్తిన పిండికి పైన సన్నటి గరుకు వస్తుంది. ఆ గరుకే సాస్‌ని పట్టుకుంటుంది. పాలరాతి బల్ల మీద ఒత్తితే ఆ గరుకు రాదు. అందుకే మా వంటగదిలో స్టీలు బల్లలు ఎన్ని ఉన్నా పిండి బల్ల మాత్రం చెక్కదే.

వెడల్పుకి కూడా కొలత ఉంది. ఉడికిన టాల్యాతెల్లె 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో ఇక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించారు. అది మీరు రోజూ చూసే అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు అని లెక్క కట్టారు. బంగారంతో చేసిన నమూనా కూడా అక్కడ భద్రంగా ఉంది. రగూ వంటకాన్ని 1982లో నమోదు చేసి, 2023లో సవరించారు. అందులో టమాటా తక్కువ. గొడ్డు మాంసం, పంది పొట్ట మాంసం, క్యారెట్, సెలెరీ, ఉల్లిపాయ, వైన్ ఉంటాయి. పాలు పోయడమూ పాత అలవాటే.

ఇది చదివావు కదా, గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయని గుర్తుపెట్టుకో. మన పిల్లలు చాలామంది "మీట్ సాస్" అనగానే కోడి అనుకుని తింటున్నారు. పాస్తా మీద కోడి మాంసం వేయడం ఈ దేశంలో చాలా అరుదు. మీ స్నేహితుల్లో గొడ్డు మాంసం తిననివాళ్లు ఉంటే ఆర్డర్‌కి ముందే చెప్పు. తిన్నాక తెలిస్తే ఆ పిల్లాడు పడే బాధ నువ్వు తీర్చలేవు.

ఆ పెద్దావిడ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఈసారి మెనూ చూడకుండా "ఈ రోజు ఏం వండారు?" అని అడుగు. మధ్యాహ్నం పూట చాలా చోట్ల ఒక పాస్తా, ఒక పక్క వంటకం, నీళ్లు కలిపి తక్కువ ధరకు పెడతారు. పలక మీద చాక్‌తో రాసి బయట పెట్టేది అదే. స్టూడెంట్ బడ్జెట్‌కి రాత్రి భోజనం కన్నా అదే మేలు.

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో నలుగురం తిన్నాం. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి రెండున్నర యూరోల చొప్పున పది, నీళ్లకి ఆరు వేశారు. అన్నిటికన్నా ఘోరం, మెనూలో 6 యూరోలు అని చూసి చేప చెప్తే బిల్లులో 42 పడింది. మమ్మల్ని మోసం చేశారా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మొదటి రెండూ మోసం కాదండి. కొపెర్తో అంటే బల్ల మీద గుడ్డ, ప్లేట్లు, రొట్టె బుట్ట, వీటికి మనిషికి ఇంత అని తీసుకునే రుసుము. ఒకటిన్నర నుంచి మూడు యూరోల దాకా మామూలే. మెనూలో రాసి ఉండాలి, సాధారణంగా చివరి పేజీ అడుగున ఉంటుంది. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో మాత్రం 2006 నాటి చట్టం కొపెర్తోని నిషేధించింది. అక్కడ దాని బదులు "పానె", అంటే రొట్టె అని వేస్తారు. రొట్టె వద్దని ముందే బుట్ట తిప్పి పంపితే ఆ డబ్బు ఇవ్వక్కర్లేదు. నీళ్లు ఇక్కడ సీసాలోనే ఇస్తారు. మన హోటళ్లలోలాగా కూర్చోగానే గ్లాసు పెట్టడం లేదు.

చేప దగ్గరే మీరు నష్టపోయారు. ఆ ధర పక్కన "ఎత్తో" అని గానీ, "100 గ్రా." అని గానీ ఉండి ఉంటుంది. ఎత్తో అంటే వంద గ్రాములు. నిండు చేప, ఫ్లోరెన్స్‌లో పెద్ద ఎముకతో కాల్చే గొడ్డు మాంసం ముక్క, ఇవి తూకం లెక్కనే అమ్ముతారు. ఏడు వందల గ్రాముల చేప అయితే 42 యూరోలే అవుతుంది. మర్యాద తెలిసిన హోటల్ వాళ్లు వండకముందే చేపని పళ్లెంలో తెచ్చి చూపించి, ఇది ఇంత బరువు, ఇంత అవుతుంది, సరేనా అని అడుగుతారు. మీకు అలా చూపించలేదంటే నాకు కోపం వస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లకి నోటితో ఒక్క మాట చెప్పడం వాళ్ల బాధ్యత. ఇకమీదట తూకం వేసే వంటకమైతే "మొత్తం ఎంత?" అని కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఇక్కడివాళ్లూ అడుగుతారు.

ఇంకో చిన్న గుర్తు. మెనూలో వంటకం పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఫ్రీజర్‌లోది అని అర్థం.

ప్రశ్న: మా తమ్ముడు మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కుటుంబంతో వెళ్తున్నాం. మాకు పంది మాంసం, మద్యం రెండూ నిషిద్ధం. హలాల్ కాని మాంసం తినం. ఇక పిజ్జా ఒక్కటే దారా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: కాదండి, చేపలున్నాయి కదా. కాల్చిన సముద్రపు చేప మీద నిమ్మరసం, ఆలివ్ నూనె, పార్స్‌లీ మాత్రమే వేస్తారు. జాగ్రత్త పడాల్సింది వైన్ దగ్గర. ఇక్కడ వైన్ తాగడానికే కాదు, వండడానికీ వాడతారు. ఆల్చిప్పల స్పగెట్టీలో, చాలా రిసోత్తోల్లో, రగూలో వైన్ పోసి ఇగరబెడతారు. మిలాన్ పేరు మోసిన పసుపు రంగు రిసోత్తోలో కుంకుమపువ్వుతో పాటు మాంసం నీళ్లు, పాత పద్ధతిలో ఎముక మజ్జ కూడా ఉంటాయి. "సెన్సా వీనో", అంటే వైన్ లేకుండా అని ఆర్డర్‌కి ముందే చెప్పండి. సాస్ అప్పటికే తయారై ఉంటే తీయలేమని నిజాయితీగా చెప్తారు. అప్పుడు ఇంకోటి అడగండి. తిరమిసూలో చాలాచోట్ల మర్సాలా అనే వైన్ గానీ రమ్ గానీ కలుపుతారు.

తులసి జాతి ఆకు నూరి చేసే జెనోవా పెస్టో అనే సాస్‌లో మద్యం, మాంసం ఉండవు, చీజ్ మాత్రం ఉంటుంది. చీజ్ తయారీ గురించి పైన రాశాను, దాని మీద మీ ఇంటి పెద్దల మాట ప్రకారం నడుచుకోండి. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్లెంలో కాల్చే ఫరినాతా దొరికితే వదలకండి. అది జెనోవా వైపు వంటకం. మీకూ, రాజమండ్రి అమ్మకీ ఇద్దరికీ పనికొస్తుంది.

ప్రశ్న: పాస్తా ఎక్కడ తిన్నా సగం ఉడికినట్టే ఉంటోంది. మళ్లీ ఉడికించమని అడగొచ్చా? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అడగొచ్చమ్మా. కానీ అది వండటం రాక అలా రాలేదు. మనింట్లో పులిహోరకి అన్నం పలుకుగా వండుకుంటాం కదా, ఇదీ అంతే. ప్లేటులోకి వచ్చాక కూడా వేడికి ఉడుకుతూనే ఉంటుంది, సాస్ పీల్చుకుంటుంది. నాలుగు ముద్దలు తిని చూడండి. పళ్లు నొప్పి ఉన్న పెద్దవాళ్లకైతే ముందే "బెన్ కొత్తా" అని చెప్పండి, బాగా ఉడికించి ఇస్తారు.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్లు. సాయంత్రం ఆరింటికి అన్నం పెట్టకపోతే నిద్రపోతుంది. ఇటలీలో ఏ హోటల్ చూసినా ఆ టైమ్‌కి మూసి ఉందని మా అమ్మాయి ఫోన్‌లో చెప్పి ఒకటే టెన్షన్. మేం వెళ్లాక ఏం చేయాలి? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మధ్యాహ్నం రెండున్నరకి పొయ్యి ఆరితే మళ్లీ ఏడున్నరకే వెలిగిస్తారు. మధ్యలో వంటవాళ్లు తిని, కాసేపు నడుం వాల్చి వస్తారు. ఆ విరామం లేకపోతే రాత్రి పదకొండు దాకా నిలబడలేరు. ఆరింటికి పాపకి పిజ్జా ముక్కలు అమ్మే చిన్న దుకాణం నుంచి ఒక ముక్క పెట్టించండి. అవి రోజంతా తెరిచి ఉంటాయి. లేదా పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చుకోండి. నాకు అదే మంచిదనిపిస్తుంది, ఎండలో తిరిగే బాధా తప్పుతుంది.

హోటల్లో పాప కోసం "పాస్తా ఇన్ బ్యాంకో" అడగండి. ఉడికించిన పాస్తా మీద వెన్న గానీ ఆలివ్ నూనె గానీ, కావాలంటే కొంచెం చీజ్. మెనూలో రాయరు, కానీ ఇంచుమించు ఏ త్రాత్తోరియాలోనైనా చేసిస్తారు. ఈ దేశంలో పిల్లలందరూ అది తినే పెరుగుతారు. పిల్లలు గోల చేస్తారని హోటల్‌కి తీసుకెళ్లడం మానకండి. మా హోటల్లో ఆదివారం మధ్యాహ్నం పిల్లలు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటారు, ఎవరూ మొహం ముడుచుకోరు.

ప్రశ్న: కారం లేకుండా నాకు ముద్ద దిగదు. బ్యాగులో ఆవకాయ, కారప్పొడి పెట్టుకుని హోటల్‌కి వెళ్తే తప్పా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆవకాయ ఇంట్లో ఉంచుకోండి. వండినామె ఎదురుగా, ఆమె రుచి చూడకముందే సీసా మూత తీస్తే ఆమె నొచ్చుకుంటుంది. నేను వంటగది వైపు నిలబడి ఆ మొహాలు చూశాను కాబట్టి చెప్తున్నాను. మిర్చి ఈ దేశంలోనూ ఉంది. "పెపెరొంచీనో" అడిగితే ఎండుమిర్చి పొడి గానీ, పిజ్జా హోటళ్లలో మిర్చి నానబెట్టిన నూనె గానీ తెచ్చిస్తారు. దక్షిణాన కలాబ్రియా ప్రాంతం వాళ్లు మిర్చి లేకుండా వండరు. అక్కడ దియామంతె అనే ఊళ్లో ఏటా సెప్టెంబర్‌లో మిర్చి పండుగ జరుగుతుంది. కలాబ్రియా కుటుంబం నడిపే హోటల్ మీ దగ్గర్లో ఉందేమో విచారించండి. ఒక్క జాగ్రత్త, వాళ్ల ఎర్రటి ముద్ద ఒకటి, ఎన్దూయా అని, చూడటానికి మిర్చి పచ్చడిలా ఉంటుంది కానీ అది పంది మాంసం.

ప్రశ్న: తినేసి అరగంట కూర్చున్నా బిల్లు తేలేదు. చిన్నచూపు చూశారా? టిప్ ఎంత ఇవ్వాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చిన్నచూపు కాదమ్మా. అడక్కుండా బిల్లు తెస్తే "ఇక లేవండి" అన్నట్టు అవుతుందని తేరు. "ఇల్ కొంతో, పెర్ ఫవోరె" అనండి, వెంటనే వస్తుంది. చిన్న హోటళ్లలో అయితే గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి కట్టేయవచ్చు. టిప్ తప్పనిసరి కాదు. బిల్లులో "సెర్వీత్సియో", అంటే వడ్డన రుసుము అని శాతం వేసి ఉంటే అసలే అక్కర్లేదు. భోజనం నచ్చితే చిల్లర రెండు యూరోలు బల్ల మీద ఉంచండి. కట్టిన రసీదు తీసుకోవడం మరిచిపోకండి.